మా జేజి, ఈ కోలై, నా ప్యూర్ కల్చరు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లేదు. డిగ్రీ ఆఖరి సంవత్సరం, మైక్రోబయాలజీ, మోకాళ్ల దాకా తెల్లకోటు, జేబులో రెండు రంగుల పెన్నులు. మనిషికి ఆ వయసులో ఉన్నంత తెలివి మళ్లీ జన్మలో రాదు. ఇరవై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను కాబట్టి చెబుతున్నా, అప్పుడు నాకు ఖాయంగా తెలిసినవాటిలో సగం ఇప్పుడు నాకు సందేహాలే. అద్దంకిలో మా వీధికి నేను ‘పురుగుల పిల్ల’ని. డాక్టరు చదువుకి సీటు రాక పురుగుల చదువులో చేరిందని వాళ్ల ఉద్దేశం (సీటు రాని మాట నిజమే). ఆ పేరు వినబడ్డప్పుడల్లా నేను ఆగి, బ్యాక్టీరియా పురుగు కాదనీ, అది ఒకే ఒక్క కణమనీ, పురుగుకి కోట్ల కణాలుంటాయనీ అక్కడికక్కడే పాఠం చెప్పేదాన్ని. దాంతో కొన్నాళ్లకి నన్ను ఆ పేరుతో పిలవడం మానేశారు. నన్ను చూడగానే లోపలికి వెళ్లిపోవడం మొదలుపెట్టారు.

మాది దూదేకుల కుటుంబం. తాతల నాటి నుంచీ పత్తి ఏకి పరుపులు కుట్టడమే వృత్తి. దుకాణం ముందు భాగంలో నాన్న మిషను, వెనక భాగంలో మా కాపురం, రెంటికీ మధ్య గడపలో మా జేజి (నాయనమ్మని మేం జేజి అంటాం). నలభై ఏళ్ల పాటు ఆవిడ పని ఒక్కటే. ఏకడానికి ముందు దూది ముందేసుకుని కూర్చుని, అందులో ఆకు నలుసులూ గింజ పలుకులూ ఏరి పారెయ్యడం. బడి మొహం చూడలేదు. షుగరు వచ్చి పదేళ్లయింది, మాత్రలు పనిచెయ్యక ఇన్సులిన్ మొదలుపెట్టి రెండేళ్లు. పొద్దునా సాయంత్రం ఆ సూది వేసే అధికారం ఇంట్లో నాకు తప్ప ఎవరికీ లేదు, నేను ఉండనివ్వలేదు.

మా కాలేజీ ఒంగోలులో. అక్కడ మాకు జన్యుశాస్త్రం చెప్పే మేడంకి మేం పెట్టుకున్న పేరు ప్లాస్మిడ్ మేడం, ఎందుకంటే ఆవిడ ఏ పాఠం మొదలుపెట్టినా చివరికి ప్లాస్మిడ్ దగ్గరికే వచ్చేవారు. ఒకరోజు ఆవిడ ఇన్సులిన్ ఎలా చేస్తారో చెప్పారు. బ్యాక్టీరియాలో ప్లాస్మిడ్ అని చిన్న కంకణం లాంటి డి.ఎన్.ఏ. ఉంటుంది. దాన్ని కత్తిరించి, మనిషిలో ఇన్సులిన్ చేయించే జన్యువుని అందులో అతికించి, మళ్లీ బ్యాక్టీరియాలోకి ఎక్కిస్తారు. అది మనిషి మందుని తన సొంత పనిలాగా తయారుచేస్తూ పోతుంది. అది రెండవుతుంది, రెండు నాలుగవుతాయి, అన్నీ అదే పని చేస్తాయి. నాకు ఒళ్లు జలదరించింది. బస్సులో ఇంటికొచ్చేదాకా ఆగడం ఎంత కష్టమైందో చెప్పలేను.

ఆ సాయంత్రం సూదిలోకి మందు ఎక్కిస్తూ జేజిని అడిగాను, ఇది ఎవరు చేశారో తెలుసా అని. కంపెనీవాళ్లని చెప్పింది. కాదు, ఈ కోలై చేసిందన్నాను.

“ఏ కోళ్లే? నాటుకోళ్లా, ఫారం కోళ్లా?”

కోళ్లు కాదు బ్యాక్టీరియా అని మొదలుపెట్టి మొత్తం పాఠం అప్పజెప్పాను. కంకణం దాకా బాగానే వింది. ఆ బ్యాక్టీరియా మామూలుగా ఎక్కడుంటుందని అడిగింది. అక్కడ ఆపెయ్యొచ్చు. కానీ ప్రశ్న అడిగినవాళ్లకి పూర్తి జవాబు చెప్పకపోవడం నాకు అప్పట్లో చేతకాదు. మనుషుల పేగుల్లో ఉంటుందనీ, పశువుల పేగుల్లోనూ ఉంటుందనీ, మంచినీళ్లలో అది కనబడిందంటే ఆ నీళ్లలో మలం కలిసినట్టు లెక్క అనీ వివరంగా చెప్పాను. జేజి నా చేతిలో సూదిని చూసింది, నన్ను చూసింది, పైకి తీసిన రవిక చెయ్యి మెల్లగా కిందికి దించుకుంది. “తీసెయ్” అంది. అంతే.

మర్నాడు పొద్దున కూడా వద్దంది. నాన్న బతిమాలాడు, అమ్మ కోప్పడింది. అసలు సంగతి ఆ సాయంత్రం గానీ బయటికి రాలేదు. జేజికి ఏడేళ్లప్పుడు ఆవిడ తమ్ముడు ఒక్క పగట్లో వాంతులూ విరేచనాలూ పట్టుకుని పోయాడట. కలరా. నీళ్లలో పురుగు వల్లే వచ్చిందని అప్పుడు ఎవరో చెప్పారట. ఆ పిల్లవాడికి ఆ నీళ్లు ముంచి ఇచ్చింది తనే. “నా తమ్ముణ్ణి పొట్టనబెట్టుకున్న జాతి చేసిన మందు నా ఒంట్లోకి ఎట్టా ఎక్కించుకునేదే?” అంది. ఇలాంటప్పుడు ఊరుకోవాలని నాకు తెలియదు. ఎలాగైనా ఒప్పించాలన్న తాపత్రయంలో, ఇది చాలా నయం జేజీ, ఇదివరకు ఇన్సులిన్ పందుల నుంచి తీసేవాళ్లు అనేశాను. అమ్మ వంటింట్లో గిన్నె కింద పెట్టిన చప్పుడు వినబడింది. జేజి మంచం మీంచి లేచి, నమాజుకి ముందు కాళ్లూ చేతులూ కడుక్కునే వజూకి వెళ్లిపోయింది.

మూడో రోజుకి ఆవిడకి నోరు పిడచకట్టుకుపోతోంది, కళ్లు తిరుగుతున్నాయి. నాన్న బలవంతాన పెద్దాసుపత్రికి తీసుకెళితే షుగరు నాలుగు వందలు దాటింది. అక్కడా సూది వేయించుకోలేదు. ఇంకో రెండు రోజులు ఇలాగే ఉంటే మంచాన పడుతుందని డాక్టరు చెప్పాడు. నాన్న నా మీద ఎప్పుడూ గొంతు పెంచలేదు, ఆ రోజు కూడా పెంచలేదు. దుకాణంలో దూది తూకం వేస్తూనే, “నీ చదువు మా అమ్మ ప్రాణం మీదికి తెచ్చింది. నువ్వే చెడగొట్టావు, నువ్వే చక్కబెట్టు” అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

నేను వెళ్లి జేజి కాళ్ల దగ్గర కూర్చున్నాను. పాఠం చెప్పలేదు. ఏం చేస్తే వేయించుకుంటావని మాత్రం అడిగాను. “ఆ పురుగుల్ని నాకు చూపించు. కంటితో చూశాక చెప్తా” అంది.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కాం. నా సంచిలో మంచుముక్కల ఫ్లాస్కులో ఇన్సులిన్ సీసా, సూది. ప్లాస్మిడ్ మేడం తిడతారనుకున్నాను. ఆవిడ సంగతంతా విని, పాపం కాళ్లు నొప్పెడతాయేమో, స్టూలు కాదు కుర్చీ తెప్పించమన్నారు. జేజి ల్యాబు గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికొచ్చింది. ఏ స్లైడు చూపించాలన్న ప్రశ్నే రాలేదు. మూడు రోజుల్లో మా ప్రాక్టికల్ పరీక్ష. దానికోసం మేమంతా తలా ఒక నీళ్ల శాంపిల్ నుంచి ఒకే ఒక్క రకం బ్యాక్టీరియాని విడదీసి, ఇంకేదీ కలవకుండా పెంచి, బయటినుంచి వచ్చే ఎగ్జామినరుకి అప్పగించాలి. ప్యూర్ కల్చర్ అంటారు దాన్ని. నేను సాగర్ కాలవ నీళ్లలోంచి తీసిన ఈ కోలై క్లాసులోకెల్లా స్వచ్ఛమైనదని నా నమ్మకం. నమ్మకం కూడా కాదు, నోటీసు బోర్డు మీద పెట్టకపోయినా అందరికీ తెలిసేలా చేశాను. దాన్నుంచి రంగు వేసిన స్లైడుని తీసి మైక్రోస్కోపు కింద గర్వంగా పెట్టి, పైన నూనె చుక్క వేశాను (వేరుశనగ నూనేనా అని జేజి అడిగింది).

మొదట ఆవిడకి తన కనురెప్పల వెంట్రుకలే కనబడ్డాయి. అందరికీ అంతే. తర్వాత కుదురుకుంది. ఒక కన్ను మూసి, రెండో కన్ను ఆనించి, ఊపిరి తీస్తోందా లేదా అన్నంత నిశ్చలంగా చూసింది. చాలాసేపు చూసింది. నా వెనక క్లాసంతా మూగింది.

“ఇందులో రెండు రకాలున్నాయే” అంది.

లేవు, ఒక్కటే రకమని చెప్పాను. గులాబీ రంగులో బియ్యపు నూకల్లా కనబడేవే ఈ కోలై అన్నాను.

“నూకలు సరే. ఈ పక్కన ఊదారంగువి, గుండ్రంగా, ద్రాక్షగుత్తి మాదిరి ఉన్నాయి. ఇవి వేరే జాతి.”

నేను క్లాసు వైపు తిరిగి నవ్వి, రంగు సరిగ్గా కడగకపోతే అలాంటి మరకలు మిగులుతాయని చెప్పాను. జేజి మైక్రోస్కోపు మీంచి కన్ను తియ్యకుండానే జవాబిచ్చింది. “మరకలైతే అన్నీ ఒక్క సైజున ఉండవు అమ్మాయ్. నలుసుకీ నీడకీ తేడా నాకు తెలీదా?”

మేడం వచ్చి చూశారు. స్లైడుని కొంచెం జరిపి మళ్లీ చూశారు. తర్వాత నన్ను చూడమన్నారు. ఉన్నాయి. ఒకచోట కాదు, మూడుచోట్ల ఉన్నాయి. ఊదారంగులో, గుత్తులుగా, ఏ పుస్తకంలో బొమ్మ వేసినా అంత చక్కగా ఉండవు. మన చర్మం మీద కాపురం ఉండే బ్యాక్టీరియా అది. అంటే ఎక్కడిదో కాదు, నా చేతి మీదిదే. వారం రోజులుగా నేను ముద్దుగా పెంచుకుంటున్న ప్యూర్ కల్చర్‌లో సగం నేనే ఉన్నాను. వెనక ఎవరో దగ్గారు. ఆ దగ్గు వెనక నవ్వు ఉందని అందరికీ తెలుసు. నా చెవులు వేడెక్కిపోయాయి. కానీ నిజం చెప్పాలంటే, ఆ అవమానం కింద ఇంకేదో కూడా పొంగింది. ముప్ఫై మంది డిగ్రీ పిల్లల ఎదుట, అక్షరం రాని మా జేజి కుర్చీలో కూర్చుని, మేం కనుక్కోలేనిది కనుక్కుంది. మేడం అయితే, ఈ ఏడాది మీలో ఒక్కరికైనా ఇలాంటి కన్ను ఉంటే నాకు చాలు అన్నారు.

కానీ జేజి మా సంగతి పట్టించుకునే స్థితిలో లేదు. ఆవిడ బెంగ ఆవిడది. “నా మనవరాలు బుడ్డి సీసాలోనే కల్తీ లేకుండా పెంచలేకపోయింది. ఆ కంపెనీలో గంగాళాలకి గంగాళాలు పెంచుతారంట గదమ్మా, అక్కడ కల్తీ రాదని ఏంటి నమ్మకం?” అని మేడంని అడిగింది.

మేడం ఆవిడ పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నారు. అక్కడి పాత్రల్ని ముందే ఆవిరితో కాగబెడతారనీ, ప్రతి విడత మందునీ పరీక్ష చేస్తారనీ, ఇంత చేశాక కూడా బ్యాక్టీరియాని మందులో ఉంచరనీ చెప్పారు. దాన్ని పగలగొట్టి, మందు ఒక్కటే వేరుచేసి, మళ్లీ మళ్లీ వడకట్టి, అది మాత్రమే సీసాలోకి ఎక్కిస్తారు. అసలు ఆ పనికి వాడే రకం జబ్బు చేసేది కూడా కాదు. జేజి వింటూ వింటూ మధ్యలో అందుకుంది. “అంటే జిన్నింగు మిల్లులో గింజ వేరుచేసి దూదే బయటికి పంపినట్టు.” అంతేనమ్మా అన్నారు మేడం. నేను గంటసేపు కంకణాలూ జన్యువులూ చెప్పి సాధించలేనిది ఆవిడ తన మిల్లుతో ఒక్క మాటలో తేల్చేసుకుంది. పంది సంగతి కూడా అడిగి తెలుసుకుంది. ఈ బ్యాక్టీరియా వచ్చాకే ఆ అవసరం తప్పిపోయిందని విని, అది ఈ మనవరాలు ముందు చెప్పొద్దూ అన్నట్టు నన్ను చూసింది.

తర్వాత గొంతు తగ్గించి, తన తమ్ముణ్ణి తీసుకెళ్లింది ఇందులో ఉందా అని అడిగింది. లేదమ్మా, అది వేరు అంటూ మేడం లేచి గోడ మీది చార్టు దగ్గరికి తీసుకెళ్లారు. చిన్న కొడవలిలా వంగి, వెనక ఒక తోకతో ఉన్న బొమ్మని చూపించారు. ఇప్పుడైతే దానికి ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్లు పట్టిస్తూ, వేళకి సెలైను ఎక్కిస్తే దాదాపు నూటికి నూరుమందీ బతుకుతారని చెప్పారు. జేజి ఆ బొమ్మ మీద వేలు పెట్టి నిలబడింది. “ఇంతేనా ఇది” అంది చివరికి. వచ్చి కుర్చీలో కూర్చుని, రవిక చెయ్యి పైకి తీసి, “ఎయ్యి” అంది నాతో. నేను సంచిలోంచి సీసా తీశాను. ముందు చేతులు కడుక్కోమంది.

ఆ మూడు రోజులూ నేను మళ్లీ మొదటినుంచీ పెంచాను. దీపం మంట పక్కనుంచి కదల్లేదు, చేతులు ఎన్నిసార్లు కడిగానో లెక్కలేదు. పరీక్షలో ఎగ్జామినరు నా స్లైడుని తిప్పి తిప్పి చూసి బాగుందన్నారు. రికార్డులో, మొదటి కల్చర్‌లో కల్తీ కనబడి పారేశానని రాసింది చదివి, దాన్ని ఎలా పట్టుకున్నావమ్మా అని అడిగారు. ప్లాస్మిడ్ మేడం పక్కనే నిలబడి ఉన్నారు. నేను, “జాగ్రత్తగా పరిశీలించి నేనే గమనించాను సార్” అన్నాను. మేడం కిటికీ వైపు చూశారు. నాకు క్లాసులో మొదటి మార్కు వచ్చింది.

ఆ మార్కు నాకు సరిగ్గా అరగలేదు. దానికి తోడు, ఆ వారంలోనే మా ఇంటికి జనం రావడం మొదలైంది. పొదిలి నుంచి ఒకాయన, వీధి చివరి టీకొట్టు పెద్దాయన, నాకు అత్త వరసయ్యే ఒకామె, అందరూ షుగరు మనుషులే. మీ అమ్మాయి తయారుచేసే ఇన్సులిన్ మాక్కూడా ఒక సీసా ఇప్పించమని నాన్నని అడుగుతున్నారు. ఆరా తీస్తే జేజి ఆసుపత్రి వరసలో నిలబడి, తను వేయించుకునే మందు మనవరాలు ఒంగోలు కాలేజీలో స్వయంగా పురుగుల్ని పెంచి చేస్తోందనీ, తను వెళ్లి కళ్లారా చూసొచ్చాననీ చెప్పిందట. నాకు నవ్వొచ్చింది, దాని వెంటే ఏడుపొచ్చింది. వెళ్లి, పరీక్షలో నేను ఆడిన అబద్ధం సంగతి జేజికి చెప్పేశాను.

జేజి దూది లోంచి తల ఎత్తలేదు. “చెప్పుకుంటే ఏం పోయిందిలే. మార్కులు నాకెందుకు? నేను మాత్రం మందు చేసేది నువ్వేనని ఊరంతా చెప్పలేదా?” అంది.

ఇప్పుడు గుంటూరులో ఒక పెద్ద ల్యాబు నా చేతికింద నడుస్తోంది. జేజి పోయి చాలా ఏళ్లయింది, షుగరుతో కాదు, నిండు వయసుతో. అన్నీ తెలిసిన ఆ తెల్లకోటు పిల్ల ఎప్పుడైనా జ్ఞాపకం వస్తే ఇదివరకు సిగ్గేసేది. ఈ మధ్య సిగ్గు పోయింది. ఎంత పొగరుబోతైనా, నాలుగు వందల షుగరుతో ఉన్న ముసలావిణ్ణి చెయ్యి పట్టుకుని బస్సెక్కించుకెళ్లింది గదా, పోనీలే పాపం అనిపించి, ఒక్కదాన్నే కూర్చుని నవ్వుకుంటాను.