పోలయ్య క్రిస్మస్ పాట

పోలయ్య మతం మారిపోయాడని మా బోటాటౌంగ్ పేటలో పుకారు పుట్టింది. పచ్చి అబద్ధం. పక్క వాటాలో ఉండే నాకు తెలియకుండా అతను బనీను కూడా మార్చడు!

అతనికున్న పిచ్చి ఒక్కటే. రేవులో పనిచేసే రోజుల్లో ఎవరో ఓడవాడు ఇచ్చిపోయిన పాత ఇంగ్లీషు క్రిస్మస్ పాట. ఏడాదిగా కరెంటు పోతే చాలు, బ్యాటరీల టేప్‌రికార్డర్‌లో అదే నొక్కుతాడు. బర్మావాళ్ళ కొత్త సంవత్సరం తింజాన్ పండగకి వీధంతా నీళ్ళు చల్లుకుంటుంటే ఇతని గదిలో మంచు కురుస్తుంది. ఆ గాయకుడిది వెన్నలాంటి గొంతు. మనవరాలిని ఆటపట్టిస్తున్నట్టు పాడతాడు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా నా కాలు దానికదే తాళం వేస్తుంది.

"ఎండాకాలంలో ఈ పాటేట్రా?" అన్నాను.

"సల్లగుంటాదప్పా." నన్ను అక్క వరసతో అప్పా అంటాడు.

"మరి దీపావళికేటి?"

"దీపాలకి సలేస్తాది."

"వినాయకుడి పండక్కి?"

"ఆయనకీ ఇష్టమే."

ఈ ఏడు కూడా అమ్మవారి నిప్పుల గుండం తొక్కడానికి కంకణం కట్టుకున్నాడు. పాట మాత్రం మానలేదు. గుండం తొక్కే రోజు పొద్దున్నే గుడి కమిటీ పెద్ద లింగరాజుగారు కత్తెర పట్టుకుని పోలయ్య గదికి వచ్చి కూర్చున్నారు. నేనూ వెనకే చేరాను.

"కంకణం కట్టినోడు ఆ పాటలు ఎట్టకూడదు పోలయ్యా. ఇంకొక్కపాలి ఇనబడిందా, కంకణం కోసేస్తాను."

పోలయ్య ముఖం పాలిపోయింది. పడుచు వయసు నుంచీ ఏ ఏడూ తప్పని మొక్కు. "ఇంక పాట ఎట్టనండి" అన్నాడు.

మాట నోట్లో ఉండగానే కరెంటు పోయింది. కింద టీకొట్టు జెనరేటర్ మొదలైంది. గచ్చు గజగజలాడింది. పైన తలుపు దడాలుమంది. మెట్ల మీద కాళ్ళ చప్పుడు. పోలయ్య చెయ్యి టేప్‌రికార్డర్ వైపు కదిలింది. గబుక్కున పట్టుకున్నాను.

"ఒద్దురా తమ్ముడా, కంకణం పోతాది!"

విదిలించుకుని నొక్కేశాడు. ఆ వెన్న గొంతు గదంతా పరుచుకుంది. లింగరాజుగారు కత్తెర తెరిచారు. పోలయ్య కంకణం ఉన్న చెయ్యి చాపాడు. చూపు మాత్రం మెట్ల వైపే.

కాళ్ళ చప్పుడు ఆగింది. పైనుంచి కేక: "ఇన్నాన్రా పోలయ్యా! కూకున్నాను!"

పై అంతస్తులో ఒంటరిగా ఉండే దుర్గాంబ. నేనాగుతానా? మోకాళ్ళ నొప్పులు మరిచి పైకి పరిగెత్తాను. ఒళ్ళో బట్టల మూటతో మెట్టు మీద చతికిలపడి ఉంది.

"నిరుడు భూకంపం కాడినుండి జెనరేటర్‌కి గచ్చదిరితే కొంప కూలతందనే పరుగెడతన్నానే. అప్పుడు నా కాలిరిగింది అందుకే. జారిపడ్డానని అబద్ధమాడేను. 'జెనరేటరే, కూకో' అని ఈడు పాటతో సెప్తాడు. ఎవులితోటీ అనొద్దన్నాను. నవ్వుతారని."

నేను కిందికి దిగి అందరికీ చెప్పేశాను. (నా కడుపులో మాట దాగదని దుర్గాంబకి తెలియదా?) లింగరాజుగారు కత్తెర జేబులో పెట్టుకుని, "గుండం కాడికి వేగిరం రా" అని గొణిగి లేచారు.

నాకు మాత్రం తృప్తి లేదు.

"సరేగానీ తమ్ముడా, అమ్మోరి భజన ఎట్టొచ్చు కదా. ఈ దొర పాటే ఎందుకురా?"

"ముందు భజనే ఎట్టేనప్పా. దేవుణ్ణి పిలుస్తన్నానంటే నిజంగానే కూలతందని ఇంకా గట్టిగా పరుగెట్టింది. ఈ పాటయితే దొర మజ్జిలో పకపకా నవ్వుతాడు. కొంప కూలతంటే ఎవుడైనా నవ్వుతాడేటప్పా?"