పసుపు నిలిచే అట్ట

మా రూబీ చేతికి పెళ్ళి కార్డు ఇస్తే ఎవరి పెళ్ళో చదవదు. వేళ్ళ మధ్య నలుపుతుంది, వంచుతుంది, చెవి దగ్గర ఆడించి వింటుంది. కాగితం పిచ్చి అంటే అలా ఇలా కాదు. నేను దాని వదినను, దాని మొగుడికి అక్కను, ఝాన్సీని. ఎచ్చెర్లలో యూనివర్సిటీ పిల్లల పుణ్యమా అని నడిచే జిరాక్స్ కొట్టు మా ఇద్దరిదీ. జిరాక్సులు తీసేది నేను, ప్రాజెక్టులు బైండు చేసేది అది. కాస్త ఖాళీ దొరికితే చాలు, అట్టలు కోసి, తెరవగానే బొమ్మ లేచి నిలబడే కార్డులు చేస్తుంది. క్రిస్మస్‌కి చర్చిలో అందరికీ అవే పంచింది. పాస్టరుగారు ప్రసంగం ఆపి మరీ తెరవడం, మూయడం, మళ్ళీ తెరవడం. నవ్వాపుకోలేక చచ్చాను.

మా కొట్టుకు వచ్చే పిల్లల్లో దుర్గ ఒకతె. సముద్రం ఒడ్డు ఊరు వాళ్ళది, తల్లి కూర్మమ్మ చేపల వ్యాపారం చేస్తుంది. దుర్గకు పెళ్ళి కుదిరింది. నా పెళ్ళి కార్డు తెరవగానే పడవ లేవాలి అని రూబీ దగ్గరకు పరుగెత్తుకొచ్చింది. అంతే, మా ఇంట్లో అన్నం కూర మాటలు బందు, పడవ మాటలే. అప్పటిదాకా రూబీకి పుట్టినరోజు కార్డులు తప్ప పెళ్ళి పని ఒక్కటీ రాలేదు. ఈ కార్డు కూర్మమ్మకు నచ్చితే ఒడ్డునున్న ఊళ్ళన్నీ తన దగ్గరకే వస్తాయని దాని ఆశ. ఆశ కాదు, ప్రాణమే పెట్టుకుంది.

నమూనాకు మూడు వందల జీఎస్ఎం మెరుపు అట్ట తెచ్చింది. ఆ అంకె ఎంత పెద్దదైతే అట్ట అంత గొప్పదని దాని లెక్క. నేనూ అదే అనుకున్నాను, అబద్ధమెందుకు. కార్డు అద్దంలా మెరిసింది. మూసినప్పుడు పడవ కాస్త ఎదురు తిరుగుతోంది గానీ, ఆ సంబరంలో ఎవరు చూశారు?

కూర్మమ్మ వచ్చింది. కార్డు తెరిచింది, పడవ లేచింది, దుర్గ గెంతింది. కూర్మమ్మ మాత్రం కొంగు ముడి విప్పి పసుపు పొట్లం తీసింది. నాలుగు చుక్కల నీళ్ళడిగి, తడిపి, మూలన వేలితో అద్దింది. మాది చర్చి కుటుంబం, మా పెళ్ళి కార్డులకు పసుపు పెట్టం. ఊళ్ళో అందరి కార్డులకూ నాలుగు మూలలా పసుపు చూస్తూనే ఉన్నాం, అయినా ఆ సంగతి మా ఇద్దరి బుర్రలకూ తట్టలేదు. చేమాకు మీద నీళ్ళలా పసుపు జారింది. ఆరాక గోటితో తాకితే పొరలు పొరలుగా రాలిపోయింది.

“పసుపు నిలవని కార్డు నా పిల్ల పెళ్ళికొద్దమ్మా,” అంది కూర్మమ్మ. కోపంగా కూడా అనలేదు. శ్రీకాకుళంలోనే అచ్చు వేయించుకుంటామంది. దుర్గ ఏడుపు మొహం పెట్టింది, రూబీ బతిమాలింది. చివరికి కూర్మమ్మ మెత్తబడి, “సరే, లచ్చివారం దాకా సూస్తాను,” అని లేచింది.

మర్నాడు శ్రీకాకుళంలో గిరిబాబు కాగితాల కొట్టుకు వెళ్ళాం. మా రూబీ బ్యాగులోంచి పసుపు డబ్బా తీసి, నమూనా కాగితాలకు వరసగా బొట్లు పెట్టడం మొదలెట్టింది. నేను సిగ్గుతో రోడ్డు వైపు తిరిగాను. ఆయన లబోదిబోమన్నాడు, ఏ పూజమ్మా ఇది అని. సంగతి తెలిశాక ఆయనకూ హుషారొచ్చి, తనే ఇంకో కట్ట విప్పాడు. జీఎస్ఎం అంటే మందం కాదట, ఒక చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ బరువట. మెరుపు కోసం పూసిన పూతా ఆ బరువులోనే కలుస్తుందట. అందుకే పూత లేని రెండు వందల యాభై అట్ట, మెరిసే మూడు వందల దానికన్నా వేళ్ళకు మందంగా తగిలింది.

“వదినా, ఎండు సేపల్లాగేనే,” అని బస్సులో నా భుజం ఊపేసింది. “కిలో పచ్చి సేపలు ఇంతే వస్తాయి, కిలో ఎండువి బుట్టెడు వస్తాయి. బరువు బరువే, మందం మందమే.” బస్సంతా మావైపు తిరిగింది. దానికి ఏం పట్టింది?

తెచ్చిన వాటిలో పలచటి కాగితం పసుపు తడికి ముడతలు పడింది. పూత లేని రెండు వందల యాభై అట్ట పసుపును చక్కగా పట్టుకుంది, కానీ మడిస్తే గీత వెంట పగిలింది. తల పట్టుకుంటుందనుకున్నాను. అది మాత్రం చీరకు పోగులున్నట్టే కాగితానికీ ఉంటాయని, పోగుల వెంట మడత పడేలా అట్టను తిప్పి, రాయని పెన్నుతో గీత నొక్కి మడిచింది. ఒక్క పగులు లేదు. పడవను కూడా ఆ అట్టతోనే చేస్తే కార్డు మూయనివ్వలేదు. దాన్ని పలచటి నూట అరవై జీఎస్ఎం అట్టతో చేసింది. తెరిస్తే లేచింది, మూస్తే పడుకుంది. నా చేతులు పట్టుకుని కొట్టంతా తిప్పేసింది, జిరాక్సుకొచ్చిన పిల్లలు బిత్తరపోయారు.

లక్ష్మీవారం కూర్మమ్మ దుర్గను వెంటబెట్టుకుని వచ్చింది. పసుపు తడిపి నాలుగు మూలలా అద్దింది, ఆరేదాకా కూర్చుంది. బొటనవేలితో గట్టిగా రుద్దింది. పసుపు కదల్లేదు. అప్పుడు కార్డు తెరిచి, లేచిన పడవను చూస్తూ ఉండిపోయింది. కార్డులన్నీ నువ్వే చెయ్యమ్మా అని మెల్లగా చెప్పింది. దుర్గ వెళ్ళి రూబీని వాటేసుకుంది.

కూర్మమ్మ ఆ కార్డును కవరులో పెట్టి రూబీ ముందుకు జరిపి, నా దగ్గర పెన్ను అడిగి దాని చేతిలో పెట్టింది. కవరు మీద పేరు రాయమంది. ఎవరి పేరని రూబీ అడిగింది.

“నీదే. మొగుడితో, వదినతో రావాల.”

పని చేసిన మనిషికి కార్డెందుకమ్మా, కబురంపితే వస్తాను గదా అంది రూబీ.

“కబురెడితే పనికొస్తారు. కార్డిస్తే పెళ్ళికొస్తారు. నాను నిన్ను పెళ్ళికి పిలుస్తన్నాను, రాయి.”

కాగితం కనిపిస్తే ఆగని మా రూబీ చేతికి తన పేరు రాయడానికి చాలాసేపు పట్టింది.