ఒడీల్ చిల్లుల మాంసం

అమెరికాలో దక్షిణాన లూసియానా నుంచి ఉత్తరాన మిన్నెసోటా దాకా రైల్లో వచ్చినంతసేపూ ఒడీల్ ఆ నల్ల ఇనప కుండను ఒళ్ళోంచి దించలేదు.

"పైన పెట్టవే, ఎవరెత్తుకుపోతారు దాన్ని?" అన్నాడు కొత్త మొగుడు లైల్.

"నిన్నెవరైనా ఎత్తుకుపోతే ఇంకోణ్ణి వెతుక్కోవచ్చు. ఈ కుండ మా అమ్మమ్మది" అంది ఒడీల్.

లైల్ సైన్యంలో ఉన్నప్పుడు వాళ్ళ ఊరి పక్క శిబిరంలో పనిచేశాడు. శనివారం డాన్సులో ఒడీల్‌ను చూశాడు, ఆదివారం వాళ్ళింట్లో భోంచేశాడు. పెళ్ళి కుదిరింది డాన్సు వల్ల కాదు, ఆ భోజనం వల్లేనని ఒడీల్ జీవితాంతం అనేది. లైల్ కూడా ఎప్పుడూ కాదనలేదు.

లైల్ వాళ్ళది గోధుమ పొలాల మధ్య చిన్న ఊరు. అందరి తాతలూ నార్వే నుంచి ఓడెక్కి వచ్చినవాళ్ళే. మాట మెత్తన, నడక నెమ్మది, తిండి చప్పన. అత్తగారు సోల్వెగ్ వంటింట్లో మిరియాల డబ్బా ఉండేది గాని, ఆవిడ కాపురానికి వచ్చినప్పుడు కొన్నది ఇంకా అయిపోలేదు. మామగారు హాల్వర్ పగలల్లా ట్రాక్టరుతో తప్ప ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు.

ఆదివారం వాళ్ళందరి పద్ధతీ ఒకటే. పెద్ద మాంసం ముక్కకు ఉప్పు రాసి, చుట్టూ ఓ ఉల్లిపాయా, క్యారెట్లూ, బంగాళాదుంపలూ పేర్చి, మూతపెట్టి పొయ్యిలోకి తోసేసి చర్చికి వెళ్ళిపోవడం. పాస్టరుగారి ప్రసంగం సాగితే ముక్క మెత్తగా ఉడికేది. ఆయన తొందరగా ముగించిన రోజున దవడలు నొప్పెట్టేవి.

కాపురానికి వచ్చిన కొత్తలోనే ఒడీల్ ముందు మామగారికి తీపితో మొదలుపెడదామనుకుంది. వాళ్ళమ్మ పంపిన అంజీరపళ్ళ మురబ్బా వేసి కేకు చేసింది. హాల్వర్ ఒక ముక్క తిన్నాడు. ఇంకోటి తిన్నాడు. పళ్ళెంలో రాలిన పొడి కూడా వేలితో అద్దుకుని నాక్కున్నాడు. అప్పుడు మూతి తుడుచుకుని, "పర్లేదు" అన్నాడు.

ఒడీల్ మొహం చిన్నబోయింది. వాళ్ళ ఊళ్ళో వంట బాగుంటే మగవాళ్ళు బల్ల మీద గుద్దుతారు, వండినావిడ చెయ్యి ముద్దు పెట్టుకుంటారు. "పర్లేదు" అంటే అక్కడ కుక్కకు పెట్టమని అర్థం. ఆ కేకు మళ్ళీ చెయ్యలేదు.

తరవాతి ఆదివారం వంట తనే చేస్తానంది. ముందురోజే మాంసం ముక్క బల్ల మీద పెట్టుకుని, సన్నటి కత్తితో నిలువునా లోతుగా పొడిచింది. వెల్లుల్లి, ఉల్లికాడలు, పచ్చిమిరపకాయ సన్నగా తరిగి, ఉప్పూ, మిరియాల పొడీ, వాళ్ళమ్మ పార్సిల్లో పంపిన ఎర్ర కారమూ కలిపి, రెండు చుక్కలు వెనిగర్ చల్లింది. ఆ ముద్దను చిటికెడు చిటికెడు తీసి ఒక్కో చిల్లులోకి వేలితో కూరింది. వేలు అడుగు తగిలేదాకా కూరాలి. పైపైన పెడితే వేపేటప్పుడు నూనెలోకి జారి మాడిపోతుంది. పైన కూడా కారం పట్టించి, గుడ్డ కప్పి రాత్రంతా నానబెట్టింది. పొద్దున్నే నల్లకుండలో కొవ్వు కాచి, ముక్కను అన్ని వైపులా తిప్పుతూ, ఇక మాడుతుందేమో అనిపించేదాకా ఎర్రగా వేపి, కాసిని నీళ్ళు పోసి మూతపెట్టి పొయ్యిలోకి తోసింది. ఆ కమురు వాసనకు అత్తగారు కిటికీలు తెరిచింది. పెరట్లో కుక్క మాత్రం పాట అందుకుంది.

చర్చిలో వెనకవరస వాళ్ళు ముక్కులు ఎగరేశారు. ఒడీల్ వెల్లుల్లి వేళ్ళతోనే పాటల పుస్తకం పట్టుకుంది మరి.

భోజనానికి పక్కింటి ఇడాగారు కూడా వచ్చింది. చర్చి ఆడవాళ్ళ సంఘానికి పెద్ద ఆవిడే. ఊళ్ళో ఎవరింట్లో కుండ దించినా మూత ఎత్తి చూడనిదే ఆవిడకు తోచదు. అందరూ ఒక్కో ముక్క నోట్లో పెట్టుకున్నారు. హాల్వర్ చెవులు ఎర్రబడ్డాయి. పాలగ్లాసు ఎత్తి గటగటా తాగేశాడు.

"కొత్తగా ఉందమ్మాయ్" అంది సోల్వెగ్.

"అవును, చాలా కొత్తగా ఉంది" అంది ఇడాగారు కళ్ళు ఒత్తుకుంటూ.

ఒడీల్ మనసు ఎగిరి గంతేసింది. మధ్యాహ్నమే తల్లికి ఫోను చేసింది. "అమ్మా! కొత్తగా ఉందన్నారే! ఇద్దరూ అన్నారు! ఒకావిడకైతే కళ్ళనీళ్ళే వచ్చాయి!"

ఇక ప్రతి ఆదివారమూ అదే వంట. ఎప్పుడు అడిగినా "కొత్తగానే ఉంది" అనేవారు. పాపం, ఎన్నిసార్లు తిన్నా వాళ్ళకు పాతబడటం లేదని ఒడీల్ మురిసిపోయి, మరుసటి వారం ఇంకో నాలుగు చిల్లులు ఎక్కువ పొడిచేది. హాల్వర్ పాలగ్లాసు కాస్తా పాలజగ్గు అయింది.

ఒక్కటే వెలితి. పంటలు ఇంటికి వచ్చాక అక్టోబరులో చర్చి కింది హాల్లో ఊరందరికీ భోజనాలు పెడతారు. సంఘం తరఫున ఇడాగారు మాంసం ముక్కలు పంచుతుంది, ఇంటింటా వండి తెస్తారు. మాంసం చేతికి వచ్చినావిడ ఆ ఊరి మనిషి కింద లెక్క. రానివాళ్ళు బన్నులో, ఊరబెట్టిన బీట్‌రూటో తెస్తారు. వచ్చిన ఏడాది ఒడీల్‌కు కాగితం రుమాళ్ళు తెమ్మన్నారు. రెండో ఏడూ రుమాళ్ళే. రంగు మాత్రం నీ ఇష్టం అన్నారు.

మూడో ఏడు ఎండలు తగ్గుముఖం పట్టాక ఒడీల్ తల్లికి ఫోనులో ఇదే చెప్పుకుంది. ఆ రోజుల్లో ఆ రోడ్డు మీది ఇళ్ళన్నిటికీ ఒకటే ఫోను తీగ. ఎవరికి ఫోను వచ్చినా అందరిళ్ళలోనూ మోగేది. ఎవరు మాట్లాడినా మిగతావాళ్ళు ఎత్తి వినేవారు. విన్నట్టు మాత్రం చచ్చినా బయటపడకూడదు, అది మర్యాద.

"ఏమోనే అమ్మా, నా వంట అంటే పడిచస్తారు. ప్రతి వారం కొత్తగా ఉంది కొత్తగా ఉంది అంటారు. మాంసం మాత్రం చేతికి ఇవ్వరు. ఈసారి ఇంకాస్త కారం దట్టించి ఇడాగారింటికి ఒక గిన్నె పంపుతాను. అప్పుడైనా ఇస్తుందేమో."

"వద్దే తల్లీ!" అని తీగలోంచి కేక వినబడింది.

అది అమ్మ గొంతు కాదు.

"ఇడా పిన్నిగారూ? మీరేనా?"

ఇక దాచి లాభం లేదనుకుంది ఇడాగారు. "నేనేనమ్మా. నా నోరు పడిపోను. ఎన్నాళ్ళని బిగబట్టుకోను? మా దగ్గర కొత్తగా ఉందంటే బాగుందని కాదే పిల్లా. నోట్లో పెట్టుకోలేకపోయాం, కానీ నీ మనసు కష్టపెట్టలేం అని."

"ఎవరే ఆవిడ? మన మాటల్లో ఆవిడకేం పని?" అంది తల్లి లూసియానా నుంచి.

టక్, టక్, టక్ అని ఇంకెవరెవరో ఫోన్లు పెట్టేసిన చప్పుడైంది. రోడ్డు రోడ్డంతా విన్నదన్నమాట.

లైల్ ఇంటికి రాగానే ఒడీల్ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "నీకు తెలుసా?"

"ఏం తెలుసా?"

"కొత్తగా!"

లైల్ టోపీ తీసి దానివంక చూశాడు. "తెలుసు."

"రెండేళ్ళ నించీ మీ అమ్మానాన్నల నోరు కాలుస్తుంటే చూస్తూ కూచున్నావా?"

"చెబితే వండటం మానేస్తావు. ఆదివారం ఆదివారం ఆ కూర నాకు దొరుకుతోంది కదా, చేతులారా ఎందుకు పోగొట్టుకోవడం?"

ఒడీల్‌కు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. చేతిలో ఉన్న గుడ్డతో వాణ్ణి రెండు దెబ్బలు వేసింది.

ఆ ఆదివారం అత్తగారు వండినట్టే వండింది. ఉప్పు, ఉల్లిపాయ, క్యారెట్లు, బంగాళాదుంపలు. నల్లకుండ దింపనైనా దింపలేదు. బల్ల దగ్గర అందరూ మామూలుగానే కూచున్నారు. హాల్వర్ ముక్కను కోశాడు. తిరగేశాడు. ఫోర్కుతో ఎత్తి వెలుతురుకు పెట్టి చూశాడు.

"చిల్లులేవీ?"

"ఊరుకోండి" అంది సోల్వెగ్.

"ఏం, అడిగితే తప్పా? చిల్లులేవమ్మా?"

"మీకు పడదని తెలిసింది మావయ్యగారూ. క్షమించండి. ఇకనించి ఇలాగే చేస్తాను."

హాల్వర్ ఫోర్కు కింద పెట్టాడు. ఆయన జన్మలో అంత పొడుగు మాట మాట్లాడటం ఎవరూ ఎరగరు. "మొదట్లో పడలేదు. పాలు తాగాను. పోయినేడాది నించి పడుతోంది. చలికాలంలో ఒంటికి బాగుంటోంది. ఇప్పుడిది తింటుంటే జ్వరం వచ్చి లేచినట్టుంది."

"ఇది నా వంటండీ!" అంది సోల్వెగ్.

"తెలుసు" అన్నాడు హాల్వర్.

సోల్వెగ్ మూతి ముడిచింది. తనూ ఒక ముక్క నమిలింది. నిట్టూర్చి లేచి, అలమరలోంచి కోడలి కారం డబ్బా తెచ్చి బల్ల మధ్యన పెట్టింది. హాల్వర్ ముక్క మీద కారం చల్లుకుని తిన్నాడు. అప్పుడు ఒడీల్ చూసింది. హాల్వర్ పాలగ్లాసు నిండుగా, ముట్టకుండా అలాగే ఉంది.

"మరి ఆ అంజీరపళ్ళ కేకు?" అన్నాడు హాల్వర్, సమయం చూసుకుని. "ఒక్కసారి చేసి మానేశావేం? పర్లేదని చెప్పాను కదా."

ఒడీల్ మొగుడివంక తిరిగింది. లైల్ మెల్లిగా చెప్పాడు. "మా నాన్న నోట పర్లేదు అనే మాట మా అమ్మ పెళ్ళి నాడు వింది. మళ్ళీ నీ కేకుకే."

మర్నాడు వంటింటి కిటికీలోంచి ఒడీల్ ఒక వింత చూసింది. ఎవరి గడపా తొక్కని హాల్వర్, ఆదివారం టోపీ పెట్టుకుని ఇడాగారి అరుగు మీద నిలబడ్డాడు. ఏం మాట్లాడాడో వినబడలేదు గాని, ఆవిడ చేతులు తిప్పుతోంది, ఆయన కదలడం లేదు. చర్చి భోజనాల్లో మాంసం కోసేది ఏటా హాల్వరే. ఆ కత్తి వేరేవాళ్ళకు పట్టుబడదు, ఆయన కొయ్యనంటే భోజనాలు సాగవు.

భోజనాల ముందురోజు ఇడాగారు కాగితంలో చుట్టిన పెద్ద ముక్కను రెండు చేతులా మోసుకొచ్చి ఒడీల్ బల్ల మీద పెట్టింది.

"నీకే."

ఒడీల్ కాగితం విప్పి ముక్కను రెండు చేతులా తడిమి చూసుకుంది.

"చిల్లులు పెడతావా?" అంది ఇడాగారు.

"వద్దంటారా పిన్నిగారూ?"

"వద్దనను. ముసలాళ్ళు ఉంటారు. పాస్టరుగారి కడుపు అంతంతమాత్రం." ఇడాగారు ముక్కను అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. "ఒక పక్క పెట్టు. ఇంకో పక్క మామూలుగా ఉంచు. హాల్వర్ ఎవరికి ఏ పక్క కావాలో అడిగి కోస్తాడు."

ఒడీల్ నవ్వు ఆపుకుంటూ నడిమికి దారం కట్టి గుర్తు పెట్టింది. ఒక సగానికి ఉప్పు మాత్రం రాసింది. రెండో సగంలో చిల్లులు పొడిచి, వేలు అడుగు తగిలేదాకా కూరింది. కారం తగ్గిద్దామా అని ఒక్క క్షణం చెయ్యి ఆగింది. మళ్ళీ అమ్మమ్మ వేసేటంతే వేసింది. ఇడాగారు వెళ్ళకుండా కుర్చీ లాక్కుని, ప్రతి చిల్లులోకీ తొంగిచూస్తూ కూచుంది. "అంత లోతుకా? వెనిగర్ ఎందుకు? ఆ కాడలు మా పెరట్లోనూ ఉన్నాయే!"

హాల్లో జనం పళ్ళేలతో బారులు తీరారు. బల్ల వెనక హాల్వర్ కత్తి పట్టుకుని, ఒక్కొక్కరినీ, "ఏ పక్క?" అని మాత్రం అడిగాడు. మొదట అందరూ మామూలు పక్కే అన్నారు. ఫోను తీగ మీద విన్నవాళ్ళే కదా. ఒక కుర్రరైతు సరదాకి చిల్లుల పక్క అన్నాడు. తిన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. లేచి మళ్ళీ వరసలోకి వచ్చాడు. అది చూసి వాడి వెనక ఇంకొకడు. మరి కాసేపటికి దారానికి చిల్లుల పక్క ఖాళీ, మామూలు పక్క ఇంకా మిగిలే ఉంది. హాల్లో పాల డబ్బాలు మాత్రం అడుగంటాయి.

పాస్టరుగారు ఖాళీ పళ్ళెంతో ఒడీల్ దగ్గరికి వచ్చాడు. నుదుటి మీద చెమట తుడుచుకుని, గొంతు సవరించుకున్నాడు.

"పర్లేదమ్మా" అన్నాడు.

అటూ ఇటూ ఉన్నవాళ్ళు తలలూపారు. "అవును, పర్లేదు." "అస్సలు పర్లేదు."

ఒడీల్ గిన్నెలు కడగాలని చెప్పి లోపలికి పరుగెత్తింది. అక్కడ ఎవరూ లేరనుకుని, తడి చేతులతోనే లూసియానా డాన్సు అడుగు వేసి గిర్రున తిరిగింది. సోల్వెగ్ తలుపు దగ్గర నిలబడి చూసి, తుడిచే గుడ్డ అందించింది.

ఇంటికి వస్తూనే తల్లికి ఫోను చేసింది.

"అమ్మా! నాకు మాంసం ఇచ్చారే! అందరూ తిన్నారు! పర్లేదన్నారే అమ్మా, పాస్టరుగారు కూడా పర్లేదన్నారు!"

"పర్లేదా?" తల్లి గొంతు పైకి లేచింది. "మా అమ్మ కుండలో వండిన దానికి పర్లేదా? ఆ మనుషులకి నాలుకలున్నాయా లేవా? మూటా ముల్లె సర్దుకుని వచ్చెయ్యవే!"

తీగ మీద ఎక్కడో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ వెంటనే ఇంకొకరు. ఆపుకోలేక రోడ్డు రోడ్డంతా నవ్వింది. ఆ నవ్వుల్లో అన్నిటికన్నా పెద్దది ఇడాగారిది.

"నువ్వు పెట్టెయ్యకమ్మా" అంది ఒడీల్ తల్లితో, తనూ నవ్వుతూ. "వీళ్ళే చెబుతారు నీకు. చెప్పండి పిన్నిగారూ, పర్లేదంటే ఏంటో మా అమ్మకి."