పెరుగుపిన్ని తోడు

పెరుగుపిన్ని ఇంట్లో ఇద్దరుండేవారు. ఒకరు పెరుగుపిన్ని, రెండోవారు ఎప్పుడో పోయిన ఆమె అత్తగారు. పోయిన మనిషి ఇంట్లో ఉండటమేమిటని వీధిలోవాళ్లు నవ్వేవారు గానీ, నవ్వినవాళ్లే సందెవేళ ఆ ఇంటి ముందుగదిలోని పెరుగు కొట్టు దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గించి మాట్లాడేవారు.

బతికున్నన్నాళ్లూ అత్తగారు కోడల్ని రాచి రంపాన పెట్టింది. పోయాకైనా మానుకుందా అంటే అదీ లేదు. రోజూ సాయంత్రం అమ్మకం ముగిసే వేళకు, వెనకగదిలో ముంతలు పేర్చే చెక్క అరల వైపు నుంచి ఆవిడ గొంతు వినిపించేది.

"ఏమే, తోడు తీశావా?"

"తీశాను మహాతల్లీ, తీశాను. చచ్చినా సాధింపు మానవు కదా!" అని పిన్ని విసుక్కునేది.

విసుక్కున్నా, కొట్టు నడకంతా ఆ మాట మీదే. రేపటి పాలలో వెయ్యడానికి ఒక ముంత పక్కన పెట్టాక మిగిలిందే అమ్మకం. అది అయిపోతే తలుపు మూసెయ్యడమే. ఇంకో బిందె ఎక్కువ పోస్తానని పాలవాడు ఊరించినా, "నా పొయ్యికీ నా చేతులకీ ఇంతే అందుతుందయ్యా" అనేది. పాలు సన్నని సెగ మీద కాగాలి, చిటికెనవేలు ఓర్చుకునేంత వేడికి దిగాలి, అప్పుడు చెంచాడు తోడు. చలిరోజుల్లో ముంతలకు పాత దుప్పట్లు కప్పి, పసిపిల్లల్ని పడుకోబెట్టినట్టు చప్పుడు చెయ్యకుండా తిరిగేది. ఇరుగుపొరుగు ఎవరు గిన్నె పట్టుకొచ్చినా తోడు ఊరికే పెట్టేది. అలా వీధి వీధంతా అత్తగారి కాలం నుంచి వస్తున్న ఆ తోడుతోనే పెరుగు తోడుకునేది.

ఊరి చివర పెరుగు కంపెనీ వెలిసింది. అందులోంచి టై కట్టుకున్న కుర్రాడొకడు పిన్ని దగ్గరికొచ్చాడు. వీధి అతనికి టైబాబు అని పేరు పెట్టేసింది.

"ఇంత మంచి రుచి చేతిలో పెట్టుకుని ఈ సందులో ఏం చేస్తారాంటీ? మాతో కలవండి. ఏడాది తిరిగేసరికి పది ఊళ్లలో మీరే ఉంటారు."

"పది ఊళ్లలో నేనెలా ఉంటాను బాబూ? ఉన్నదే ఒక్కదాన్ని."

"ఎదక్కపోతే వెనకబడిపోతారాంటీ."

"నాకిప్పుడు ఎదిగే వయసా నాయనా? వంగే వయసు."

అతను నవ్వేసి రెండు ముంతలు కొనుక్కుని వెళ్లాడు. మర్నాటి నుంచి కంపెనీ మనిషి ఎవరో ఒకరు రోజూ వచ్చి ముంత పట్టుకెళ్లేవారు. నచ్చింది కాబోలనుకుని పిన్ని మురిసిపోయింది. పిచ్చిది, ఎందుకు కొంటున్నారని ఒక్కరోజూ అడగలేదు.

ఆ తర్వాత కంపెనీవాళ్లు ఇంటింటికీ ప్యాకెట్లు ఉచితంగా పంచడం మొదలుపెట్టారు. వారానికో కొత్త రంగు, కొత్త మూత, కొత్త పండు వాసన. ఊరికే వచ్చేదాన్ని ఎవరు కాదంటారు? పిన్ని కొట్టుకు జనం పలచబడ్డారు. పాలు తగ్గించుకుంది, ముంతలు తగ్గించుకుంది. చివరికి రోజుకు నాలుగైదు ముంతల మీదికొచ్చింది.

ఒక సాయంత్రం అమ్మకం అయిపోయి, తోడు ముంత ఒక్కటే మిగిలుండగా టైబాబు వచ్చాడు. టై లేదు. కళ్లు గుంటలు పడి ఉన్నాయి.

"ఆంటీ, ఒక్క ముంత ఇప్పించండి. మా అమ్మకి ఒంట్లో బాగాలేదు. ఏం పెట్టినా వద్దంటోంది. మా ప్యాకెట్ చూపిస్తే ముఖం తిప్పేసుకుంటోంది. మీ పెరుగైతే రెండు ముద్దలు తింటానంది."

"ఏమే, అది తోడే! ఇవ్వకే!" వెనకగదిలోంచి అరుపు.

"ఊరుకో అత్తా," పిన్ని వెనక్కి తిరిగి కసిరింది. "తల్లి కోసం అడుగుతున్నాడు. వీధి నిండా నీ తోడే కదా, పొద్దున్నే ఎవరింట్లోనో చెంచాడు తెచ్చుకుంటే పోయె."

ముంత అతని చేతిలో పెట్టింది. తిరిగొచ్చిన ఖాళీ ముంతలు అప్పటికే వేణ్నీళ్లతో తోమి బోర్లించి ఉన్నాయి, గోకుదామన్నా తోడుకు చుక్క మిగల్లేదు. ఆమె శుభ్రతే ఆమె కొంప ముంచింది.

పొద్దున పాలు కాచి, గిన్నె పట్టుకుని బయల్దేరింది. దర్జీ భార్య ఫ్రిజ్ తలుపు బార్లా తీసి చూపించింది. అన్నీ ప్యాకెట్లే. "తోడుపెట్టుకునే ఓపిక ఎక్కడుంది పిన్నీ?" మేడమీది మాస్టారింట్లో తోడుగిన్నెలో తాళంచెవులున్నాయి. ఇంకో ఇంట్లో దాన్లో మొక్క వేశారు. ప్యాకెట్లు తిన్నా మూలన కాస్త తోడు ఉండకపోతుందా అనుకుంది గానీ, వీధి చివరిదాకా నడిచినా చెంచాడు దొరకలేదు.

ఇచ్చిన ముంతలో కాస్తయినా మిగిలుందేమోనని ఆమె టైబాబు దగ్గరికి పరుగెత్తింది.

"అమ్మ లేచి కూర్చుందాంటీ! ముంత గోకి మరీ తింది," అన్నాడు సంబరంగా. పిన్ని ముఖం చూసి, సంగతి విని, తల దించుకున్నాడు. "మా ల్యాబ్‌లో మీ తోడు ఉంది. రోజూ కొన్నది అందుకే. కానీ చెంచాడు బయటికి తెచ్చినా నా ఉద్యోగం పోతుంది. ఇదిగో, దానితో చేసిన కొత్త ప్యాకెట్. ఇది తీసుకెళ్లండి."

పిన్ని ఇంటికొచ్చి ప్యాకెట్ చింపి నాలుక మీద వేసుకుంది. అచ్చంగా అత్తగారి పెరుగే. అదే కమ్మదనం, చివర్న అదే చిన్న పులుపు. గబగబా పాలలో కలిపి, దుప్పటి కప్పి, అరల దగ్గరే కూర్చుంది. సాయంత్రం తీసి చూస్తే పాలు పాలలాగే ఉన్నాయి. మర్నాడూ అంతే. ఆ మర్నాడు విరిగి నీళ్లయ్యాయి. నెలల తరబడి నిలవుండాలని కంపెనీవాళ్లు పెరుగును మళ్లీ కాచి ప్యాకెట్లలో పోస్తున్నారట. దానిలో రుచి తప్ప ప్రాణమున్నదేదీ మిగలదట.

పక్కపేట నుంచి వేరే తోడు తెచ్చుకోవచ్చు. తెచ్చుకుంది కూడా. తోడుకుంది, పెరుగైంది. తిని చూసి కిందపెట్టేసింది. ఎవరో పరాయి మనిషి ఇంట్లోకొచ్చి కూర్చున్నట్టనిపించింది.

కొన్నాళ్లకు కంపెనీ ఉచితం ఆపేసి ధర చెప్పింది. ధర విన్నాక వీధికి పిన్ని గుర్తొచ్చింది. ఒక సందెవేళ దర్జీ భార్య గిన్నె పట్టుకొచ్చి గుమ్మంలో నిలబడింది.

"పిన్నీ, మళ్లీ ఇంట్లోనే తోడుపెట్టుకుందామని. పాతదే, మీ అత్తగారి తోడు కాస్త పెట్టవూ?"

ఆ గుమ్మంలో ఆ మాట అడిగినవాళ్లకు పిన్ని ఏనాడూ లేదనలేదు. అరల వైపు ఒకసారి చూసింది. అక్కడ చప్పుడు లేదు. ముంత ఇచ్చేసిన సాయంత్రం నుంచీ లేదు.

"తోడు లేదమ్మా," అంది.

దర్జీ భార్య అయ్యో అనుకుంటూ వెళ్లిపోయింది. పిన్ని తలుపు గడియ వేసి, అక్కడే నిలబడిపోయింది. ఇన్నేళ్లలో ఆ గొంతుకు ఆమె ఒక్కరోజూ భయపడలేదు. ఇప్పుడు భయం వేసింది. ఇంట్లో తను ఒక్కతే ఉంది.