అరవై ఒక్క మార్కుల సీసా

పుంగనూరు దొరస్వామికి ఒకటే జబ్బు. నోట్లోకి ఏది పోయినా నూటికి ఇన్ని అని మార్కులు వేయందే ఆయనకు మింగుడు పడదు.

ముప్పై ఏళ్ళు బెల్లం మండీలో రుచి చూసే పని చేసిన మనిషి. బెల్లం పలుకు నాలుక కొసన పెట్టుకుని, "ఈ చెరుక్కు ఉప్పునీళ్ళు పారినాయి. పాకంలో సున్నం రవ్వంత ఎక్కువైండాది. అరవై ఎనిమిది" అంటే, ఆ బెల్లం తెచ్చిన రైతు కూడా మారుమాట్లాడేవాడు కాదు. ఆ నాలుకను కాపాడుకోవడానికి ఆయన వక్క నమల్లేదు, బీడీ ముట్టలేదు, మందు వాసన ఎరగడు. మండీ మానుకున్నాక పని పోయింది గానీ అలవాటు పోలేదు. ఊరంతా మండీ అయిపోయింది.

శనివారం గుడిలో ఆయన పొంగలి దొన్నె అందుకుని కళ్ళు మూసుకుంటే పూజారికి గుండె దడ.

"డెబ్బై రెండు సామీ. నెయ్యి ఉండాది, అది సరిగ్గా కాగలేదు."

"దేవుడు ఏమీ అనలేదే దొరస్వామీ."

"ఆయన మొహమాటస్తుడు సామీ."

జలుబు చేస్తే డాక్టరిచ్చిన టానిక్కుకు ముప్పై ఒకటి వేశాడు. కుప్పంలో ఒక పెళ్ళికి పోతే, పెళ్ళికూతురి తండ్రి భోజనం ఎట్లుండాదని మర్యాదకు అడిగాడు పాపం. దొరస్వామి ఇరవై రెండు పదార్థాలకూ విడివిడిగా చెప్పి, చివర్లో సగటు కూడా తీశాడు. ఇంట్లో మాత్రం మినహాయింపు ఉందా? ముప్పై నాలుగేళ్ళ కాపురంలో ఆదిలక్ష్మి చారు ఏనాడూ ఎనభై దాటలేదు.

"ఒక్కతూరి తొంభై అని అబద్ధం చెప్తే ఏం పోతాది?" అని ఆమె అడిగితే, "నాలుక పోతాది" అనేవాడు.

ఈయన ప్రాణస్నేహితుడు వెంకటప్ప. ఉండేది పుంగనూరులోనే, మదనపల్లెలో పట్టుగూళ్ళ వ్యాపారం. సాయంత్రం బస్సు దిగాక రెండు గ్లాసులు పడితేగానీ ఇల్లు చేరేవాడు కాదు. రెండువేల ఆరు వేసవిలో డాక్టరు స్కానింగు చూసి, "కాలేయం వాచింది. ఇక గ్లాసు పట్టుకుంటే నా దగ్గరికి రావద్దు" అన్నాడు. భార్య పార్వతమ్మ వెంకటేశ్వరస్వామి పటం ముందు ఒట్టు వేయించింది. అయిదు నెలలు ఒట్టు నిలబడింది. అప్పుడొచ్చింది సీసా.

తెచ్చింది పట్టు వ్యాపారంలో వెంకటప్పకు పరిచయమైన కుప్పం చంద్రశేఖర్. బెంగళూరులో పట్టు ఎగుమతి చేసేచోట పని, అప్పుడప్పుడూ విమానమెక్కుతాడు. వెంకటప్ప ఒట్టు సంగతి పాపం అతనికి తెలీదు.

"దీన్ని బర్బన్ అంటారన్నా. అమెరికా విస్కీ, మొక్కజొన్నతో చేస్తారు. లోపల కాల్చిన కొత్త పీపాల్లో ఏండ్లు పెడ్తారు. అది చాలక, ద్రాక్షసారా ఉండిన పీపాల్లోకి మార్చి ఇంకొన్ని నెలలు ఊరనిస్తారు. ఇట్లాంటిది ఈ చుట్టుపక్కల యాడా దొరకదు."

వెంకటప్ప మూడు రోజులు అల్మరా తెరిచి మూశాడు, తెరిచి మూశాడు. మొక్కజొన్న, ద్రాక్ష, రెండూ చేలో పండేవే గదా అని మనసుకు నచ్చజెప్పాడు. చివరికి ఆ మనసుతోనే ఒక ఒప్పందానికి వచ్చాడు. దొరస్వామి రుచి చూసి తొంభై పైన వేస్తే ఒక్క గ్లాసు తాగుతాడు. తొంభైకి తగ్గితే అట్లాంటిదాని కోసం దేవుడి దగ్గర మాట పోగొట్టుకోవడం దండగ.

"నీ ఒక్క గ్లాసుకు తోబుట్టువులు ఎక్కువ" అని పార్వతమ్మ ఎప్పుడూ అనే మాట ఆయనకు గుర్తుకు రాకపోలేదు. వచ్చినా పక్కకు నెట్టేశాడు.

దొరస్వామి పరగడుపున తప్ప రుచి చూడడు. అందుకని ఆదివారం పొద్దున ఆరున్నరకు ఆయన ఇంటి అరుగు మీద సీసా మూత తీశారు.

"నువ్వెప్పుడూ తాగలేదు గదప్పా, నీకేం తెలుస్తాది?"

"నేనెప్పుడూ చెరుకూ నాటలేదు. బెల్లం తెలీలేదా?"

నెయ్యి పరీక్ష చేసినట్టే ఒక చుక్క ముంజేతి మీద వేసుకుని రుద్ది వాసన చూశాడు. "పాకం అడుగంటే ముందర ఒక వాసన వస్తాది సూడు, అది. కాల్చిన మొక్కజొన్న పొత్తు. వెనకమాల సామిల్లులో కోసిన తడిచెక్క." తర్వాత ఒక చెంచా నోట్లో పోసుకుని ఆ బుగ్గకూ ఈ బుగ్గకూ తిప్పి, మురుక్కాలవలో ఉమ్మేశాడు. "ఎండు ద్రాక్ష. నేరేడు పండ్లు తిన్నట్ల నాలుక పట్టేస్తాండాది." ఇంకో చెంచా గిన్నెలో పోసి, ఒక చుక్క నీళ్ళు కలిపి మళ్ళీ చూశాడు. "ఇప్పుడు విప్పుకుంటాండాది."

కళ్ళు మూసుకున్నాడు. హారతి కళ్ళకద్దుకున్నవాడి ముఖంలా వెలిగింది ఆయన ముఖం. వెంకటప్పకు నోరూరింది. ఇంటినుంచి తెచ్చుకున్న గ్లాసు సంచిలోనుంచి బయటికి తీశాడు.

దొరస్వామి ఒక కన్ను తెరిచాడు. గ్లాసు కనబడింది. దాన్ని పట్టుకున్న చేయి కనబడింది. చిక్కిపోయిన ఆ మణికట్టు మీద వాచీ మోచేతిదాకా జారుతోంది. కన్ను మూశాడు.

"అరవై ఒకటి."

"అరవై ఒకటా? ఆదిలక్ష్మమ్మ చారు కంటే తక్కువా?"

"పీపాది ఒక దారి, ద్రాక్షది ఒక దారి. కలవలేదప్పా."

మండీ నాలుక చెప్పాక తిరుగులేదు. వెంకటప్ప గ్లాసు సంచిలో వేసుకుని, సీసాకు మూత పెట్టుకుని ఇంటికి పోయాడు. అరవై ఒక్క మార్కుల సరుకు కోసం ఎవడు ఒట్టు తప్పుతాడు?

మరునాటినుంచి ఊరికి కొత్త దిగులు పట్టుకుంది. దొరస్వామి మార్కులు వేయడం మానేశాడు. శనివారం పొంగలి కళ్ళకద్దుకుని తిన్నాడు, దండం పెట్టి పోయాడు. మరుసటి శనివారం పూజారి నెయ్యి రెండింతలు పోశాడు. ఊహూ. ఆపై శనివారం పూజారే వెనక పరుగెత్తాడు. "ఏదో ఒకటి చెప్పి పో దొరస్వామీ, ఇరవై అయినా సరే." పార్వతమ్మ పచ్చిపులుసు పంపితే, కడిగిన గిన్నె వచ్చింది గానీ మాట రాలేదు.

వెంకటప్పకు ఒకటే అనుమానం. ఆ పాడు మందు నాలుకను కాల్చేసింది, బంగారంలాంటి మనిషిని నేనే చెడగొట్టినా అనుకున్నాడు. ముప్పై అయిదో రోజు, పాము కరిస్తే డాక్టరుకు చూపించడానికి పామును కూడా పట్టుకుపోయినట్టు, సీసా సంచిలో వేసుకుని బయల్దేరాడు.

"ఆస్పత్రికి పిల్చుకోని పోదామమ్మా" అన్నాడు ఆదిలక్ష్మితో.

ఆమె నవ్వింది. "నాలుకకేం కాలేదన్నా. ఆయన దీక్షలో ఉండాడు. ఆ పొద్దు నువ్వు పోయినాక పటం ముందర కూచుని, 'సామీ, తొంభై ఏడుకు అరవై ఒకటి చెప్పినా. ఈ నాలుకతో నలభై ఒక్క దినాలు మార్కులెయ్యను' అన్యాడు. నా చారు కోసం ముప్పై నాలుగేండ్లు ఆడని అబద్ధం నీకోసం ఆడినాడు."

వెంకటప్ప చేతిలో సంచి బరువెక్కింది. తొంభై ఏడు. ఒప్పందం ప్రకారం తాగొచ్చు. ఆయన చాలాసేపు సంచిలోకి చూస్తూ నిలబడ్డాడు. అంతలో పెరట్లోనుంచి నీళ్ళ బిందెతో దొరస్వామి వచ్చాడు.

"సంచిలో ఏందప్పా?"

"సీసా. కుప్పం పోయి చంద్రశేఖర్‌కి తిరిగిచ్చేస్తాండా. ఇట్లాంటి చెత్త సరుకు ఇంట్లో యాల?"

దొరస్వామికి కాల్లో ముల్లు దిగినట్టయింది. "చెత్త అనకూడదు."

"కలవలేదని నువ్వే అంటివి గదా. బెల్లం పెనం కడిగిన నీళ్ళు దీనికంటే మేలు."

"అంత మాట వద్దప్పా. ఆ నేరేడు పట్టు ఉండాదే, చివర్లో అది..." అని, ఆగి, గుటక మింగాడు.

"ఊఁ, చెప్పు. సరిగ్గా ఎంతంటావు?"

ఆదిలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దొరస్వామి బిందె దించి, మెడ తుడుచుకుని, ఆకాశంకేసి చూశాడు.

"ఇంకా ఆరు దినాలు నన్నేమీ అడగొద్దప్పా."

"అడగన్లే" అన్నాడు వెంకటప్ప. ఆదిలక్ష్మి ఇచ్చిన మజ్జిగ తాగి, సంచి చంకన పెట్టుకుని కుప్పం బస్సుకు బయల్దేరాడు. ఆ సంచి వీధి మలుపు తిరిగేదాకా దొరస్వామి ముక్కు దాని వెంటే పోయింది.