వీధికంతా ఒకటే హెల్మెట్

మా వీధిలో హెల్మెట్ ఒకటే ఉండేది. కొన్నది మేమే అయినా, మాదని చెప్పుకునే భాగ్యం మాకెప్పుడూ దక్కలేదు. అది మా వసారాలో మేకుకు వేలాడుతూ ఉండేది. సిరుగుప్పకు పోయేవాడెవడైనా వచ్చి తీసుకుపోతాడు, అడిగే పని లేదు. ఆ ఊరి మొదట్లో పోలీసులు నిలబడతారు గదా, వాళ్ళ కోసం అది. అంతదాకా మోచేతికి తగిలించుకుని పోయి, పోలీసు కంటబడగానే నెత్తిన పెట్టుకుంటారు. సిరుగుప్పకు పోయే దేశనూరు దారిలో ఎవరి మోచేతికి ఎర్ర హెల్మెట్ కనిపించినా అది మాదే.

మా ఆయనకు గుండెలో వాల్వు మార్చినప్పటి నుంచి రక్తం గడ్డకట్టకుండా రోజూ మాత్ర వేసుకోవాలి. బళ్ళారిలో డాక్టరమ్మ నన్ను కూర్చోబెట్టి చెప్పింది. ఈయన బండి మీద నుంచి పడితే చిన్న దెబ్బకే లోపల రక్తం కారవచ్చు, చూసేవాళ్ళకు ఆ సంగతి వెంటనే తెలియాలి, ఎప్పుడూ ఒంటి మీద ఒక కార్డు ఉండాలి అని. చొక్కా జేబులో పెడితే అది చొక్కాతో పాటు ఉతుక్కి పోయింది. పర్సులో పెడితే ఆయన పర్సే మరిచిపోయాడు. చివరికి నేనే, మహా తెలివైనదాన్ని గదా, కార్డును ప్లాస్టిక్ కవరులో పెట్టి హెల్మెట్ లోపల అతికించాను. ఆయన పేరు, మాత్ర పేరు, రక్తం గ్రూపు, నా ఫోన్ నంబరు, అన్నీ కన్నడలోనూ ఇంగ్లీషులోనూ. ఇక భయం లేదనుకున్నాను. ఆ హెల్మెట్ వీధి మొత్తానిదని నాకు తెలియక కాదు. తెలిసీ తట్టలేదు.

అవి వరినాట్లు పడుతున్న రోజులు. పొద్దున ఆయన సిరుగుప్పకు పోయి ఎరువు తెస్తానన్నాడు. నేను చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతున్నాను. బండి కదిలిన చప్పుడు విన్నాను గానీ తలెత్తి చూడలేదు. చేట ఇంకా ఒళ్ళోనే ఉంది, ఫోన్ మోగింది.

"అమ్మా, ఆంబులెన్స్ నుంచి మాట్లాడ్తాండా. మీ ఇంటి యజమానరు బండి మీద నుంచి పడిండారు. హెల్మెట్‌లో కార్డు చూసి ఫోన్ చేస్తాండా. ప్రజ్ఞె లేదు, పిలిస్తే పలకడు, తలకు గాయమైండాది. రక్తం పల్చనయ్యే మాత్ర అని రాసిండాది గదా, లోపల రక్తం పోతాండాదేమో. సిరుగుప్పలో ఆగము, స్కానింగ్‌కు నేరుగా బళ్ళారికే పోతాండాము. ఆయన కాగితాలు తీస్కొని బేగ రండి."

అంతే, పెట్టేశాడు. బియ్యం ఎప్పుడు కింద పోయాయో తెలియదు. డాక్టరమ్మ మాటలే చెవిలో తిరుగుతున్నాయి. ఆయన ఫోన్‌కు చేస్తే లోపలి గదిలో ఛార్జింగ్‌లో ఉండి మోగింది. ట్రంకు తెరిచి ఫైలు తీసుకుని, చెప్పుల్లేకుండా వీధిలోకి పరిగెత్తాను. ఏదైనా బండి కోసం అటూ ఇటూ చూస్తుంటే, కాలవ గట్టు మీద నుంచి మోకాళ్ళదాకా బురదతో మా ఆయన నడిచి వస్తున్నాడు.

"ఏంది, అట్ల నిలబడిండావు?" అన్నాడు.

నేను ఆయన భుజాలు, తల, చేతులు తడిమి చూశాను. వీధిలో అందరూ చూస్తున్నారన్న ధ్యాస కూడా లేదు. "సిరుగుప్పకు పోలేదా?"

"మన వంతు నీళ్ళు వస్తాండాయంటే చేనికి పోయినా. ఎరువుకు తమ్మున్ని పంపిస్తి."

ఆ ఒక్క క్షణం నాకు ఎంత సంతోషమైందో చెబితే మీరు నన్ను తిడతారు. ఏడుస్తూ నవ్వాను. నవ్వుతూ పక్కకు తిరిగితే ఎదురింటి గడపలో మా తోడికోడలు నిలబడి ఉంది, చేతిలో మూత తీయని టిఫిన్ డబ్బా. నా ముఖాన నవ్వూ, చేతిలో ఆస్పత్రి ఫైలూ రెండూ చూసింది. ఏం జరిగిందో సగం ఆమెకు అప్పుడే అర్థమైంది.

"అక్కా, ఆయప్ప సూది ఏసుకున్యాడు, తినలేదు," అంది. "ఎరువు తెచ్చినాక తింటానన్యాడు. ఏమైందక్కా?"

మా మరిదికి షుగర్. రోజూ పొద్దున ఇన్సులిన్ సూది వేసుకుంటాడు. వేసుకుని తినకపోతే ఏమవుతుందో ఇంటిల్లిపాదికీ తెలుసు. ఒకసారి చేలో ఇట్లాగే ఒరిగిపోతే నోట్లో చక్కెర పోసి లేపాము. ఇప్పుడు అతన్ని అన్న కార్డుతో, అన్న జబ్బుతో, బళ్ళారిదాకా ఆ గుంతల రోడ్డు మీద తీసుకుపోతున్నారు. చక్కెర సంగతి ఆ కార్డులో లేదు.

వచ్చిన నంబరుకే తిరిగి చేశాను. బిజీ. మళ్ళీ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మా తోడికోడలు డబ్బాను కడుపుకు అదుముకుని నా పక్కకొచ్చి కూలబడింది. మా ఆయన నా చేతిలో ఫోన్ లాక్కోబోతే కసిరాను. తొందరలో ఒకసారి వేరే ఎవరికో పోయింది. ఆ తరువాత ఎత్తాడు.

"అప్పా, ఆ కార్డు ఆ మనిషిది కాదు," అన్నాను. "నా మొగుడు ఈడే ఉండాడు. ఆడ పండుకునిండేది నా మరిది. సూది ఏసుకొని తినకుండా వచ్చినాడు. షుగర్ చూడప్పా."

"కార్డులో అట్ల లేదు గదమ్మా."

"కార్డు నా మొగునిది. హెల్మెట్ అందరిది. నీకు దండం పెడతా, ఒక్క చుక్క రక్తం తీసి చూడు."

అతను ఫోన్ పెట్టలేదు. బండి ఆపమని డ్రైవర్‌తో గాడి నిల్లిసు అనడం వినిపించింది. సైరన్ మోగుతూనే ఉంది. ఏవో మూతలు తీసిన చప్పుళ్ళు. మేము ముగ్గురం ఆ ఫోన్ చుట్టూ తలలు ఆనించి కూర్చున్నాము. వినలేక మా తోడికోడలు చెవులు మూసుకుంది, మళ్ళీ తీసింది.

"శానా కిందికి పోయిండాదమ్మా," అన్నాడతను. "గ్లూకోజ్ ఎక్కిస్తాండా."

ఆ తరువాత ఎంతసేపని చెప్పను. చివరికి సైరన్ మోత మధ్య నుంచి మరిది గొంతు సన్నగా వచ్చింది. "బండి యాడుండాది?" అని అడుగుతున్నాడు. మా తోడికోడలు డబ్బా మూత తీసి, మెతుకులు చూసి, అప్పుడు ఏడ్చింది.

తలకు కుట్లు పడ్డాయి, అంతకు మించి ఏమీ లేదు. హెల్మెట్ మోచేతికే ఉండబట్టి దానికి గీత కూడా పడలేదు. కార్డు మీద ఒక్క అక్షరం చెదరలేదు. ఆస్పత్రి నుంచి దాన్ని తెచ్చి ఇచ్చినప్పుడు ముట్టుకోవడానికి నాకు చెయ్యి రాలేదు.

ఇప్పుడు హెల్మెట్లు రెండు, కార్డులు రెండు. కార్డులు హెల్మెట్లలో లేవు. అన్నదమ్ములిద్దరికీ మొలతాళ్ళకు కట్టాము, ఉతుక్కి పోయేది కాదు, ఒకరిది ఒకరు అడిగేది అంతకన్నా కాదు. అయినా నా భయం పోలేదు. ఆ పొద్దు కాలవ నీళ్ళు రాకుంటే మా ఆయన చేనికి పోయేవాడు కాదు, మరిది తినకుండా బండెక్కేవాడు కాదు. గట్టు మీద ఇంకొంచెంసేపు నిలబడి ఉంటే, నేను ఆ ఫైలు పట్టుకుని బళ్ళారి దారిలో ఉండేదాన్ని, మరిది చక్కెర సంగతి వాళ్ళకు చెప్పే దిక్కే ఉండేది కాదు.

తెలియని నంబరు నుంచి ఫోన్ వస్తే అవతలివాళ్ళ మాట వినను. "మనిషి ముఖం ఎట్లుండాదో ముందు చెప్పప్పా," అంటాను. లోను ఇస్తామని చేసేవాళ్ళు బెదిరి పెట్టేస్తారు. మా ఆయన పడీ పడీ నవ్వుతాడు, మరిదీ నవ్వుతాడు. మా తోడికోడలు మాత్రం నవ్వదు. నేను ఫోన్ కింద పెట్టేదాకా ఎదురింటి గడపలో నిలబడే ఉంటుంది.