పెద్దత్తకు రాసిన కార్డు

మా చిన్నప్పుడు... సాయంత్రం పొయ్యి మీద ఎసరు పెట్టగానే మా నాయనమ్మ అరుగు మీద నుంచి కేకేసేది. "పెద్దత్త వచ్చే యాళ్లయింది... సప్పుడు చెయ్యకుండ్రి!"

పెద్దత్త అంటే మనిషి కాదు, రేడియో. అదీ ఏ స్టేషను పడితే అది కాదు, ప్రభుత్వ రేడియో. కారేపల్లి దాటాక అడవి అంచున ఉన్న మా పల్లెలో అందరూ ఆమెను అలాగే పిలిచేవారు. ఆ పేరు ఎవరు పెట్టారో తెలియదు. అడిగితే నాయనమ్మ నవ్వేది. "పొద్దుగాల్నే లేస్తది, మంది ముచ్చట్లన్నీ చెప్తది, ఇంటిల్లిపాదినీ నోరు మూయిస్తది... పెద్దత్త కాకుంటే ఏంది మరి?"

పంచాయతీ ఆఫీసులో ఒక టీవీ ఉండేది. అందులో ప్రభుత్వ చానల్ ఒక్కటే వచ్చేది. దాని పేరు చిన్నత్త. "దానికి సోకులెక్కువ. కరెంటు పోతే మూగది" అని మా నాయనమ్మ ఈసడింపు. నమ్మకమంతా పెద్దత్త మీదే... వాన వస్తుందని ఆమె అంటే చాలు, ఆకాశం తెల్లగా ఉన్నా సరే, కల్లంలో ఆరబోసిన మిరపకాయలు ఎత్తేసేవారు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త అది. నేను పదో తరగతి. మా పక్కిల్లు మార్త చిన్నమ్మది. ఆమె భర్త దేవదానం చిన్నాయన తాపీమేస్త్రి. ఎండాకాలంలో గోదావరి అవతలికి పనికి పోయాడు, పదిహేను రోజుల్లో వస్తానని. తోడు పోయినవాళ్లు వచ్చేశారు. "మాకన్న ముందే బయలెల్లిండు గదా, ఇంకా రాలేదా?" అని వాళ్లే ఎదురడిగారు...

రెండు నెలలైంది. పోలీసు స్టేషను గడప తొక్కడమంటే ఆ రోజుల్లో మా వైపు అందరికీ భయమే. చర్చిలో ప్రార్థనలు చేయించారు. చివరికి నాయనమ్మే అంది. "పెద్దత్తకు ఒక కార్డు ముక్క రాయుండ్రి. ఆమె చెప్తే ఏ మూలనున్నా వింటడు."

రాసింది నేనే. చదువుకుంటున్న పిల్లనని నా చేతికిచ్చారు. మార్త చిన్నమ్మ పక్కన కూర్చుని చెబుతోంది.

"పెద్దత్తా, నీకు దండాలు. మేమందరం మంచిగున్నం... రాయి బిడ్డా. చిన్నదానికి ముందు పన్ను ఊడింది. ఇల్లు కురుస్తుందని పైన తాటాకులు కప్పించిన. మేక రెండు పిల్లల్ని ఈనింది..."

"చిన్నమ్మా, ఆనవాళ్లు రాయొద్దా?"

"గవన్నీ ఎందుకు బిడ్డా... మనామెకు తెల్వదా ఏంది? ఆయన నవ్వితే కండ్లు మూసుకపోతయని రాయి. సాలు."

రాశాను. తప్పిపోయినవారి గురించి ప్రకటనలు నేనెన్నోసార్లు విన్నాను. వయసు, ఎత్తు, రంగు, ఒంటి మీది బట్టలు, ఎవరికి కబురు చేయాలి... అన్నీ వరుసగా చెప్పేవారు. నాకు తెలుసు. తెలిసి కూడా అవేవీ రాయలేదు. మేక పిల్లల దాకా వచ్చేసరికే కార్డు నిండిపోయింది. అంచున నిలువుగా "మా ఆయన ఇంకా రాలేదు, జర చెప్పు" అని ఇరికించాను. చిరునామా "పెద్దత్త గారు, రేడియో స్టేషను" అని రాసినట్టు గుర్తు. కింద ఊరి పేరు రాశానో లేదో... ఈ రోజుకీ తేల్చుకోలేను.

పోస్టుమాన్ కార్డును అటూ ఇటూ తిప్పి చూశాడు. "గీ అడ్రస్ ఏందవ్వా?"

"ఆమె తెల్వనోళ్లు ఎవరయ్యా నీ పోస్టాఫీసుల? నువ్వెయ్యి, పోతది" అంది నాయనమ్మ. అతను దాన్ని సంచిలో వేసుకున్నాడు.

ఆ తరువాత ప్రతి సాయంత్రం మార్త చిన్నమ్మ తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని మా అరుగు మీదికి వచ్చేది. చుట్టాలింటికి వచ్చినట్టు. రేడియో సెల్లులు బలహీనపడితే పగలంతా ఎండలో పెట్టేవాళ్లం. వార్తలు, పాటలు, ఎరువుల సంగతులు... అన్నీ అయ్యేదాకా కదిలేది కాదు.

ఒకరోజు ప్రకటన వచ్చింది. "వయసు నలభై... వృత్తి తాపీ పని..." చిన్నమ్మ నా మణికట్టు పట్టుకుంది. గోళ్లు దిగాయి. తరువాత పేరు చెప్పారు, ఊరు చెప్పారు. ఎక్కడో కోస్తా వైపు మనిషి.

చిన్నమ్మ నా చెయ్యి వదిలేసింది. మెల్లగా అంది. "ఆళ్లింట్ల గూడ గిట్లనే కూసున్నరన్నట్టు..."

వానాకాలం అయిపోయింది. ఆమె రావడం తగ్గించింది, తరువాత మానేసింది. పెద్దత్తను ఒక్క మాట అనలేదు. "ఎంతమందికని చెప్తది పాపం" అనేది. కొన్నాళ్లకు పిల్లల్ని తీసుకుని కొత్తగూడెం పోయింది, గని క్వార్టర్లలో ఇళ్ల పనికి.

యూనివర్సిటీలో చేరాక తెలిసింది నాకు... అలాంటి ప్రకటనకు దరఖాస్తు ఉంటుందని, ఫొటో, పోలీసు కాగితం ఉండాలని. ఆ రోజు హాస్టల్లో అన్నం ముందు నుంచి లేచిపోయాను.

మొన్నామధ్య ఒక పెళ్లిలో మార్త చిన్నమ్మ కనిపించింది. జుట్టంతా నెరిసింది. నా చెంపలు నిమిరి, పక్కనున్నవాళ్లకు నన్ను చూపించింది. "గీ బిడ్డనే నాకు కార్డు రాసిచ్చింది. ఎంత మంచిగ రాసిందనుకున్నరు! మంచిగ రాసినా రాత లేకపాయె."

ఆనవాళ్లు రాయాలని నాకప్పుడే తెలుసని చెప్పాలనుకున్నాను. చెప్పలేదు. అన్నీ సరిగ్గా రాసి ఉంటే వచ్చేవాడా? ఏమో... వచ్చేవాడు కాదేమో. కానీ ఆమె దగ్గర ఆ "ఏమో" కూడా లేదు, నా దగ్గరే ఉంది.

ఇప్పుడు ఎవరైనా తప్పిపోతే క్షణంలో ఫొటో వెయ్యి ఫోన్లకు చేరుతుంది. మనం చూస్తాం, వేలితో పైకి తోసేస్తాం. వందల చానళ్లున్నాయి, ఒక్కదాన్నీ వరస పెట్టి పిలవం...

మీ ఇంట్లో ప్రభుత్వ రేడియోను ఏమని పిలిచేవారు? అత్త అనా, అవ్వ అనా? మీలో ఎవరి ఇంటి నుంచైనా ఆమెకు ఇలాంటి కార్డు వెళ్లిందా... పోయిన మనిషి తిరిగి వచ్చాడా? ఒక్కరైనా ఉంటే కింద రాయండి. నేను చదువుతూనే ఉంటాను.